కాలువ వంపు

ఈ కాలువ తవ్వింది నేనే.
పందొమ్మిదేళ్ళవాణ్ణి, అప్పటికి గడ్డం కూడా సరిగ్గా రాలేదు.
ఐర్లండు నడిమధ్య, వాన తప్ప మరో పంట ఎరగని ఈ చిత్తడిలోంచి
నీళ్ళని వెళ్ళగొట్టడానికి నాకు వారం వారం జీతమిచ్చారు.
ఇవాళ అదే నీటిని బతిమాలి పిలుచుకు రమ్మంటున్నారు.
అదే కంపెనీ,
దాదాపు అదే యంత్రం.

మా నేల సంగతి చెప్పాలి.
ఇది మట్టి కాదు, బొగ్గు కాబోయి దారిలో ఆగిపోయింది.
చచ్చిన నాచు మీద నాచు, ఏడాదికి గోరు మందం,
నీళ్ళలో మునిగి, ఊపిరాడక,
కుళ్ళడం మరిచిపోయి పడుకుంది.
ఎన్నో వేల ఏళ్ళ ఆకులు మింగిన గాలి
గోధుమరంగులో గడ్డకట్టి ఉంది నా బూట్ల కింద.

దాన్ని నేను ఎండబెట్టాను.
ఒక్క వేసవిలో వంద వేసవులు గీకి
బుల్లి రైలు పెట్టెల్లో నింపి పంపాను.
అవతల కరెంటు ఫ్యాక్టరీ
రాత్రింబవళ్ళు నమిలేది.
ఆ కరెంటుతోనే మా అమ్మ ఇస్త్రీపెట్టె,
ఫెస్టస్ సారాకొట్టులో పాటలపెట్టె.
తప్పని ఎవరూ అనలేదు.
అన్నం పెట్టేదాన్ని తప్పంటామా?

సోర్చా వచ్చేదాకా నాకు తెలీదు.
ఇరవై ఆరేళ్ళ పిల్ల, మోకాళ్ళ దాకా బూట్లు, చేతిలో కొలత చువ్వ.
"మలకై, నువ్వు తవ్వకుండా వదిలేసిన మడి కూడా కాలుతూనే ఉంది.
నీరు పోయిన చోటికి గాలి దూరుతుంది.
అన్నాళ్ళూ కుళ్ళనిది ఇప్పుడు కుళ్ళుతుంది.
మంట లేదు, పొగ కనపడదు, అంతే."

ఆ రాత్రి లెక్కేశాను.
ముప్పై తొమ్మిదేళ్ళు.
తెల్లారింది గాని పద్దు ముగియలేదు.

నలభై మందిమి ఉండేవాళ్ళం, పదకొండుమందిమి మిగిలాం.
పాస్కల్ లారీ తోలుతున్నాడు.
ఓవెన్ ఆస్ట్రేలియా వెళ్ళి బొగ్గుగనిలో చేరాడు,
నవ్వకండి, వాడికి ముగ్గురు పిల్లలు.

మా అక్క అట్రాక్టా నాతో మాట్లాడి నాలుగు నెలలు.
"నీ నీళ్ళు నా పొయ్యి ఆర్పడానికొస్తున్నాయి" అంది చివరిసారి.
కొట్టంలో ఇంకొక్క చలికాలానికి సరిపడా పీట్ ఇటుకలున్నాయి.
గోడలకి దుప్పటి కప్పుతాం, వేడి పంపు పెడతాం అని
సర్కారు కాగితం వచ్చి రెండేళ్ళయింది,
వెచ్చదనం మాత్రం దారిలోనే ఉంది.
డెబ్బై ఏళ్ళ మోకాళ్ళకి
ధ్రువాల మంచు గురించి ఏం చెప్పను?

ఫ్యాక్టరీ కూల్చిన చోట ఇప్పుడు కంప్యూటర్ల గోదాము.
కిటికీలుండవు, మనుషులు కనపడరు, ఒకటే రొద.
అదీ ఏదో నములుతోంది, పొగగొట్టం లేదంతే.
పైన విమానాలు తెల్లగీతలు గీస్తూ పోతాయి.
నా బకెట్టెడు తడి మట్టి ఎన్ని గీతలు చెరుపుతుందని అడిగాను.
"చెరపదు," అంది సోర్చా. "ఇక్కణ్ణించి ఇంకోటి లేవకుండా ఆపుతుంది."
అబద్ధం ఆడనందుకు
ఆ పిల్లకి నా ఫ్లాస్కులో టీ పోశాను.

మా కాలువలన్నీ తాడు పట్టి గీసినట్టుంటాయి.
ఇదొక్కటే ఇక్కడ పక్కకి తిరుగుతుంది.
ఆరోజు ఇక్కడ కర్లూ పిట్ట పొదుగుతోంది.
కొడవలి ముక్కు, కింద నాలుగు గుడ్లు.
యంత్రం మీదికొస్తున్నా లేవలేదు.
నేనే మీట లాగాను.
మేస్త్రీ బూతులు తిట్టి అరరోజు జీతం కోశాడు.
అన్నేళ్ళలో నేను దారి మార్చింది
ఆ ఒక్కసారే.

అందుకే ఈ వంపుని ఆఖరికి ఉంచాను.
ఇవాళ పొద్దున ఇంజనాపి కాసేపు కూర్చున్నాను,
మళ్ళీ దిగి, తడి మట్టి తోడి, అడ్డంగా పోసి,
బకెట్టు వీపుతో తట్టి తట్టి కట్ట వేశాను.
సాయంత్రానికి చువ్వ మీద నీరు జానెడు ఎక్కింది.
సోర్చా గుప్పెడు నాచు తెచ్చి అంచున గుచ్చింది,
నారు పోసినట్టు, వంగి, మాట్లాడకుండా.

పిట్ట రాలేదు.
ఆరేళ్ళుగా ఈ చుట్టుపక్కల దాని కూత విన్నవాళ్ళు లేరు.
నీళ్ళు మాత్రం వంపు దాకా వచ్చి
అది తిరిగిన వైపే తిరిగి
నిలబడ్డాయి.

ఇంటికెళ్తూ అట్రాక్టా చూరు వైపు చూశాను.
పొగ లేస్తోంది.
ఆ వాసనంటే
నాకు ఇప్పటికీ ఇష్టం.